మంచం ఎక్కలేని బుజ్జి: పెంపుడు జంతువుల మెట్ల వెనుక భౌతికశాస్త్రం

విజయవాడలో మా అమ్మావాళ్లింట్లో బుజ్జి అనే తెల్లటి స్పిట్జ్ కుక్క ఉంది. మన ఇళ్లలో చాలామంది పామరేనియన్ అని పిలిచే రకమే ఇది. దానికిప్పుడు 12 ఏళ్లు, బరువు 6 కిలోలు. పిల్లగా వచ్చిన నాటి నుంచి రాత్రిళ్లు అమ్మ కాళ్ల దగ్గర, మంచం మీదే పడుకునేది. గత ఏడాది చలికాలంలో ఒకరోజు హఠాత్తుగా ఆ అలవాటు మానేసింది. మంచం దగ్గరికి వచ్చి, తలెత్తి చూసి, ముందు కాళ్లు ఒకసారి అంచు మీద పెట్టి, మళ్లీ దించుకొని గుమ్మం దగ్గర పడుకునేది. "నేను ఊరెళ్లి వచ్చానని అలిగింది" అంది అమ్మ ఫోనులో. నేనూ నవ్వేశాను.

అది అలక కాదని తెలియడానికి మూడు వారాలు పట్టింది. పశువైద్యుడు బుజ్జి వెనక కాళ్లను మెల్లగా వంచి చూసి, ఎక్స్‌రే తీయించి, రెండు మోకాళ్ల కీళ్లూ అరిగిపోయాయని చెప్పారు. మందులు రాసిచ్చి, బరువు కాస్త తగ్గించమని, మంచానికి మెట్లు ఏర్పాటు చేయమని సలహా ఇచ్చారు. "కుక్కకు మెట్లేమిటి?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. భౌతికశాస్త్రం చదువుకున్న నాకు మాత్రం వేరే సందేహం వచ్చింది. ఎత్తు అదే, బరువు అదే. అలాంటప్పుడు మెట్లు పెడితే మారేదేమిటి? కాగితం మీద లెక్క వేసి చూస్తే, మారేది చాలా ఉందని తేలింది. ఆ లెక్కే ఈ పాఠం.

దూకుడులో దాగిన లెక్క

అమ్మ మంచం ఎత్తు పరుపుతో కలిపి నేల నుంచి 50 సెంటీమీటర్లు. మన ఇళ్లలో దివాన్‌లు, సోఫాలు సుమారుగా 40 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. పెట్టె మంచాల మీద మందపాటి పరుపు వేస్తే 60 దాటుతుంది.

50 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువు పడినా, అది నిమ్మకాయైనా కుక్కైనా, నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు 3.1 మీటర్లు ఉంటుంది. అంటే గంటకు 11 కిలోమీటర్లు, మనం పరుగెత్తే వేగం. ఆ వేగం సున్నా కావాలి. ఎంత దూరంలో సున్నా అవుతుందన్నదే అసలు ప్రశ్న.

నిమ్మకాయ గచ్చు మీద పడితే మిల్లీమీటరో రెండో లోపలికి నొక్కుకుంటుంది. కుక్క అలా పడదు. కాళ్లు చాపి దిగుతుంది, నేల తగలగానే మోచేతులు, భుజాలు, మోకాళ్లు వంచుతూ వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటుంది. బస్సు డ్రైవర్ సడన్ బ్రేకు వేయకుండా ముందు నుంచే తొక్కుతూ ఆపినట్టు. కాళ్లు వంగే ఈ దూరాన్ని 'ఆగే దూరం' అనుకుందాం. అప్పుడు కాళ్ల మీద పడే సగటు బలాన్ని చెప్పే సూత్రం చాలా సులువు:

బలం ÷ శరీర బరువు = 1 + (పడిన ఎత్తు ÷ ఆగే దూరం)

బుజ్జి ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో దాని కాళ్లు సుమారు 10 సెంటీమీటర్లు వంగేవనుకుందాం. 50ని 10తో భాగిస్తే 5, దానికి 1 కలిపితే 6. అంటే శరీర బరువుకు 6 రెట్లు. 6 కిలోల కుక్క కాళ్ల మీద ఆ క్షణంలో 36 కిలోల బరువు మోపినట్టు. అందులో ఎక్కువ భాగాన్ని మోసేది ముందు కాళ్లే. మామూలుగా నిలబడి ఉన్నప్పుడు కూడా కుక్క బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ల మీదే ఉంటుంది.

ఇప్పుడు కీళ్లు బిగుసుకుపోయి, కాళ్లు 5 సెంటీమీటర్లకు మించి వంగడం లేదనుకుందాం. 50ని 5తో భాగిస్తే 10, ఒకటి కలిపితే 11 రెట్లు. అదే కుక్క, అదే మంచం, కానీ బలం 36 నుంచి 66 కిలోలకు చేరింది. ముసలితనం చేసే అన్యాయం ఇదే. దెబ్బను తట్టుకొనే శక్తి తగ్గిన రోజుల్లోనే దెబ్బ పెరుగుతుంది.

ఇది సరళీకరించిన లెక్క. నిజానికి కుక్క మంచం అంచు నుంచి ముందు కాళ్లను కిందికి జార్చి, పడే ఎత్తును కొంత తగ్గించుకుంటుంది. మరోవైపు, మనం వేసింది సగటు బలం. ఆ కొద్ది క్షణంలో గరిష్ఠ బలం సగటు కన్నా ఎక్కువే ఉంటుంది. అంకెలు అటూ ఇటూ అయినా లెక్క చూపించే దిశ మాత్రం మారదు.

మెట్లు మార్చేది దేన్ని?

ఇప్పుడు మంచానికి మూడు మెట్లు పెడదాం. వాటి ఎత్తులు 12.5, 25, 37.5 సెంటీమీటర్లు, ఆ తర్వాత మంచం. 50 సెంటీమీటర్లు నాలుగు సమాన భాగాలైంది. ఒక్కో భాగంలో పడే ఎత్తు 12.5 మాత్రమే. కాళ్లు 10 సెంటీమీటర్లు వంగితే 1 + 1.25, అంటే 2.25 రెట్లు. 36 కిలోలు ఉన్న చోట 13.5 కిలోలు. అది కూడా ఒక్కో మెట్టు నుంచి గెంతుతుందనుకుంటేనే. నడిచి దిగే కుక్కకు ఎప్పుడూ రెండు మూడు కాళ్లు ఆనుకునే ఉంటాయి కాబట్టి ఇంకా తక్కువ.

పైనుంచి కిందికి వచ్చేటప్పుడు శరీరం వదిలించుకోవాల్సిన మొత్తం శక్తి మాత్రం మారదు. 6 కిలోల కుక్కకు, 50 సెంటీమీటర్ల ఎత్తుకు అది దాదాపు 29 జౌళ్లు. దూకితే ఆ మొత్తాన్ని ఒకేసారి కట్టాలి, మెట్లు దిగితే నాలుగు వాయిదాల్లో కడుతుంది. అప్పు అంతే ఉన్నా, ఏ ఒక్క వాయిదా కీళ్లను విరిచేంత పెద్దది కాదు.

ఎక్కేటప్పుడూ ఇదే సూత్రం తలకిందులుగా పని చేస్తుంది. 50 సెంటీమీటర్లు పైకి ఎగరాలంటే కాళ్లు ముందు ముడుచుకొని, ఆ ముడుచుకున్న దూరం మేర నేలను తోయాలి. తోసే దూరం 10 సెంటీమీటర్లే అయితే మళ్లీ 6 రెట్ల బలమే కావాలి. అదీ సెకనులో పదహారో వంతు వ్యవధిలో. వయసు పెరిగే కొద్దీ కండరాలు కరుగుతాయి. కండరం మొత్తం బలం కన్నా, తక్కువ సమయంలో ఎక్కువ బలం చూపే చురుకు ముందుగా తగ్గుతుంది. మన ఇళ్లలోని తాతయ్యలు నాలుగు కిలోమీటర్లు నడవగలిగినా, కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేవలేకపోవడానికి కారణమూ ఇదే. బుజ్జి వీధి చివరి దాకా నడిచి వచ్చేది, మంచం మాత్రం ఎక్కలేకపోయేది. అందుకే అమ్మకు అది అలకలా కనిపించింది.

చిన్న ప్రాణం, పెద్ద మంచం

"చిన్న కుక్క మంచం ఎక్కడమంటే మనిషి డాబా మీదకు ఎగిరినట్టే" అనే పోలిక తరచూ వింటుంటాం. వినడానికి బాగుంటుంది కానీ భౌతికశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. జంతువు ఎంత ఎత్తు ఎగురుతుందన్నది దాని పొడవుతో పాటు పెరిగే విషయం కాదు. కండరం ఎంత ఎక్కువ ఉంటే అంత శక్తి, కానీ మోయాల్సిన బరువూ అంతే ఎక్కువ. అందుకే పరిమాణంలో ఎంతో తేడా ఉన్న జంతువులు కూడా ఎగరగలిగే ఎత్తులో అంత తేడా చూపవు.

ఈ విషయాన్ని సరదాగా చెప్పిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1926లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, ఎత్తు నుంచి పడిపోవడం చిన్న జంతువులకు పెద్దవాటికున్నంత ప్రమాదం కాదని వివరించారు. ఈయన 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడి, భారత పౌరసత్వం తీసుకొని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

మరి అలాగైతే చిన్న కుక్కలకు మంచం వల్ల ముప్పు లేదా? ఒక లెక్క చూద్దాం. ఒకే ఆకారంలో రెండు కుక్కలున్నాయి, చిన్నది పెద్దదానిలో సగం పొడవు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సగమవుతాయి కాబట్టి చిన్నదాని బరువు ఎనిమిదో వంతు. బరువును మోసే ఎముక బలం మాత్రం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అది నాలుగో వంతుకే తగ్గింది. అంటే బరువుతో పోలిస్తే చిన్నదాని ఎముక రెండింతలు గట్టిది. ఇది లాభం. కానీ దాని కాళ్లు సగమే కాబట్టి ఆగే దూరమూ సగమే. పెద్దదానికి 20 సెంటీమీటర్లుంటే దీనికి 10. అదే మంచం నుంచి దూకితే పెద్దదానికి 3.5 రెట్లు, చిన్నదానికి 6 రెట్లు. ఇది నష్టం. లాభం నష్టం దాదాపు సరిపోతాయి. గాలి నిరోధం పని చేసేంత ఎత్తు మంచానికి లేదు కాబట్టి, హాల్డేన్ చెప్పిన మినహాయింపు ఇక్కడ పెద్దగా దొరకదు.

అసలు ఇబ్బంది ఆకారం మారినప్పుడు వస్తుంది. డాక్స్‌హండ్‌నే తీసుకోండి. ఒళ్లు పొడవు, బరువుకూ తక్కువ లేదు. కాళ్లు మాత్రం జానెడు. పెద్ద శరీరపు బరువు, పొట్టి కాళ్ల ఆగే దూరం, రెండు నష్టాలూ ఒకే చోట చేరాయి.

పొట్టి కాళ్ల వెనుక జన్యువు

డాక్స్‌హండ్ కాళ్లు పొట్టివి కావడం వెనుక ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు ఉంది. ఎముకల ఎదుగుదలతో సంబంధమున్న జన్యువు ఇది. పొట్టి కాళ్ల జాతుల్లో 18వ క్రోమోజోములో దీని నకలు ఒకటి అదనంగా ఉందని 2009లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. 2017లో మరో నకలు 12వ క్రోమోజోములో బయటపడింది. ఈ రెండో నకలుకు కాళ్ల పొడవుతో పాటు వెన్నులోని డిస్కులతోనూ సంబంధం ఉంది.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఆరోగ్యంగా ఉన్నప్పుడు లోపల జిగురు ముద్దలా ఉంటుంది. అదే వెన్నెముకకు కుషన్. ఈ జన్యువు నకలు ఉన్న కుక్కల్లో ఆ ముద్ద పుట్టిన ఏడాదిలోపే గట్టిపడటం మొదలై, క్రమంగా సున్నం పేరుకుంటుంది. ఒకరోజు అది చిట్లి, పక్కనే ఉన్న వెన్నుపాము మీద ఒత్తుకుంటుంది. నొప్పితో మొదలై, వెనక కాళ్లు పడిపోయే దాకా వెళ్లవచ్చు. డాక్స్‌హండ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, పెకినీజ్ జాతుల్లో ఇది కనిపిస్తుంది. ముసలితనం దాకా ఆగదు. తరచుగా మూడు నుంచి ఏడేళ్ల వయసులోనే వస్తుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. "దూకితేనే డిస్కు జారుతుంది, మెట్లు పెడితే జారదు" అని గట్టిగా చెప్పడానికి ఆధారాలు లేవు. బ్రిటన్‌లో 2015లో డాక్స్‌హండ్ యజమానుల మధ్య జరిపిన సర్వేలో, సోఫాల మీదకు ఎక్కి దూకనిచ్చే కుక్కల్లో ఈ జబ్బు తక్కువగా, వ్యాయామం తక్కువున్న కుక్కల్లో ఎక్కువగా కనిపించింది. వెన్నునొప్పి వచ్చిన కుక్కను యజమాని దూకనివ్వడు కాబట్టి కారణం ఏది, ఫలితం ఏది అన్నది సర్వేతో తేలదు. కానీ దాని నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. దెబ్బ నుంచి కాపాడాలని కుక్కను ఒక మూల కూర్చోబెడితే, వెన్నును పట్టి ఉంచే కండరాలు బలహీనపడతాయి. మెట్లు కదలికను ఆపడానికి కాదు, కదలికను కొనసాగించడానికి.

పిల్లి నొప్పి చెప్పదు

పిల్లుల విషయంలో మనం ఇంకా ఎక్కువ పొరబడతాం. పిల్లి కుంటదు, మూలగదు. 2002లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశీలనలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే, 90 శాతం పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనిపించింది. వాటిలో చాలావాటికి ఆ జబ్బు ఉన్నట్టు ఎవరూ అనుకోలేదు.

పిల్లి నొప్పి దాని దారుల్లో కనిపిస్తుంది. ఒకప్పుడు నేల నుంచి నేరుగా కిటికీ గట్టు ఎక్కేది, ఇప్పుడు ముందు కుర్చీ ఎక్కి, అక్కడి నుంచి బల్ల, బల్ల నుంచి గట్టు ఎక్కుతుంది. అంటే తన మెట్లు తానే వెతుక్కుంటోంది. ఆ తర్వాత అలమర మీదకు వెళ్లడం మానేస్తుంది. వీపు మీద బొచ్చు నాకి శుభ్రం చేసుకోవడం తగ్గి, అక్కడ ఉండలు కడుతుంది. అంచు పొడుగ్గా ఉన్న ఇసుక ట్రే పక్కన మలం విడుస్తుంది. "ముసలిదైపోయింది, బద్ధకం" అని మనం తేల్చేస్తాం.

కుక్కల్లో గమనించాల్సినవి ఇవి: దూకే ముందు తటపటాయించడం, ముందు కాళ్లు పెట్టి ఆగిపోవడం, లేచిన మొదటి నిమిషంలో బిగుసుకొని నడవడం, మేడ మెట్లు దిగేటప్పుడు కుందేలులా రెండు వెనక కాళ్లూ కలిపి వేయడం, నడుము తాకితే విసుక్కోవడం. వీటిలో ఏది కనిపించినా మెట్లు కొనే ముందు వైద్యుడికి చూపించండి. మెట్లు నొప్పికి చికిత్స కావు.

ఇంకో మాట. కుంటుతోంది కదా అని ఇంట్లో ఉన్న మన నొప్పి మాత్ర సగం విరిచి వేయడం చాలా ప్రమాదం. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇక, కుక్క వెనక కాళ్లు హఠాత్తుగా ఈడుస్తుంటే, లేక మూత్రం పోయలేకపోతుంటే రేపటి దాకా ఆగవద్దు. వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

మొదటి మెట్లు ఎందుకు విఫలమయ్యాయి?

వైద్యుడు చెప్పిన వారానికే అమ్మ కోసం ఆన్‌లైన్‌లో తేలికపాటి ఫోమ్ మెట్లు తెప్పించాను. బుజ్జి మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రెండో దానికి తోసుకుంది. మెట్లు వెనక్కి జారిపోయాయి, బుజ్జి మంచానికీ మెట్లకూ మధ్య పడింది. దెబ్బ తగలలేదు కానీ, ఆ తర్వాత మూడు వారాలు ఆ మెట్ల దరిదాపులకు రాలేదు.

తప్పు బుజ్జిది కాదు, న్యూటన్ మూడో నియమాన్ని మరిచిపోయిన నాది. కుక్క ముందుకు, పైకి కదలాలంటే మెట్టును వెనక్కి, కిందికి తోయాలి. ఆ వెనక్కి తోసే బలాన్ని నేలకూ మెట్లకూ మధ్య ఉన్న ఘర్షణ ఆపాలి. ఘర్షణ బలం బరువును బట్టి, తలాల గరుకుదనాన్ని బట్టి ఉంటుంది. మెట్లేమో తేలిక, నేలేమో నున్నటి విట్రిఫైడ్ టైల్స్. జారక ఏం చేస్తాయి?

రెండోసారి ఊళ్లోని వడ్రంగి చేత ప్లైవుడ్ మెట్లు చేయించాం. ఈసారి పాటించిన జాగ్రత్తలు ఇవి.

ఎత్తు: ఒక్కో మెట్టు 12.5 సెంటీమీటర్లు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్ల లోపలి మెట్లకు 19 సెంటీమీటర్లను గరిష్ఠ ఎత్తుగా చెబుతుంది. అది మనిషి కాళ్లకు. మోచేతి ఎత్తు జానెడే ఉన్న జంతువుకు అది గెంతే అవుతుంది. మీ కుక్క గెంతకుండా, కాలు ఎత్తి పెట్టగలిగిన ఎత్తే సరైన ఎత్తు.

లోతు: ఒక్కో మెట్టు 30 సెంటీమీటర్లు. ఇరుకైన మెట్ల మీద ముందు కాళ్లు ఒక చోట, వెనక కాళ్లు రెండు మెట్ల కింద ఉంటే నడుము వంగిపోతుంది. ఒంటి పొడవు ఎక్కువున్న జాతులకు లోతు ఇంకా పెంచాలి.

వెడల్పు: 40 సెంటీమీటర్లకు తగ్గకుండా. జంతువు గరిమనాభి మెట్ల పాదానికి లోపలే ఉన్నంత సేపు మెట్లు తిరగబడవు. సన్నగా, పొడుగ్గా ఉన్న మెట్ల మీద కుక్క పక్కకు ఒరిగితే గరిమనాభి బయటికి వెళ్లిపోతుంది. ఒక పక్క గోడ ఉంటే ఇంకా మంచిది.

పట్టు: మెట్ల అడుగున రబ్బరు షీటు, పైన గోనెపట్టా లేదా పాత యోగా మ్యాట్ అంటించాం. మెట్లను మంచం కోడుకు తాడుతో కట్టేశాం. కుక్కను ఎక్కించే ముందు చేత్తో గట్టిగా వెనక్కి తోసి చూడండి. కదిలితే అవి పనికిరావు.

అంచు: వయసు మీద పడ్డ కుక్కల కంటి కటకం మసకబారుతుంది, మెట్టు అంచు ఎక్కడుందో తెలియదు. మనకు మూడు రకాల వర్ణ గ్రాహకాలుంటే కుక్కకు రెండే. నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. ఆకుపచ్చ మ్యాట్ మీద ఎర్ర టేపు మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కానీ దానికి రెండూ ఒకేలా ఉంటాయి. ముదురు రంగు మెట్టు మీద పసుపు లేదా తెల్ల టేపు అంటించండి. రాత్రికి చిన్న బెడ్‌లైటు ఉంచండి.

మెట్లా, వాలుబల్లా?

డిస్కు జబ్బు వచ్చిన కుక్కలకు, వెనక కాళ్లు బాగా బలహీనపడిన వాటికి మెట్ల కన్నా వాలుబల్ల నయం. మెట్టు మెట్టుకూ నడుము వంగి లేవాల్సిన పని ఉండదు. కానీ దానికి చోటు కావాలి. 50 సెంటీమీటర్ల మంచానికి 20 డిగ్రీల వాలు ఇవ్వాలంటే బల్ల పొడవు 146 సెంటీమీటర్లు ఉండాలి. 30 డిగ్రీలైతే మీటరు చాలు. అయితే వాలు పెరిగే కొద్దీ జారకుండా ఆపే ఘర్షణ కూడా పెరగాలి. 20 డిగ్రీల దగ్గర కావాల్సిన ఘర్షణ గుణకం 0.36, 30 డిగ్రీల దగ్గర 0.58. పాలిష్ చేసిన చెక్క మీద ఇది దొరకదు, గరుకు గుడ్డ పరవాల్సిందే.

మా అమ్మ గదిలో మెట్లు 90 సెంటీమీటర్ల నేలను తీసుకున్నాయి. 20 డిగ్రీల వాలుబల్ల పెట్టి ఉంటే 137 సెంటీమీటర్లు పట్టేది, బీరువా తలుపు తెరుచుకునేది కాదు. బుజ్జికి వెన్ను బాగానే ఉంది కాబట్టి మెట్లే ఎంచుకున్నాం. మీ ఇంట్లో నిర్ణయం జంతువు జబ్బును బట్టి, గదిని బట్టి మారుతుంది.

అసలు ఏదీ పెట్టే వీలు లేకపోతే? దూకే చోట దళసరి పరుపు ముక్క వేయండి. అది 3 సెంటీమీటర్లు అణిగినా ఆగే దూరం 5 నుంచి 8 అవుతుంది. బలం 11 రెట్ల నుంచి 7.25 రెట్లకు దిగుతుంది. అడుగున జారకుండా చూసుకోండి చాలు.

నేర్పడం: తొందర పనికిరాదు

మెట్లు పెట్టగానే జంతువు ఎక్కేయదు. దాని దృష్టిలో అది గదిలోకి వచ్చిన కొత్త వస్తువు, మా బుజ్జికైతే ఒకసారి మోసం చేసిన వస్తువు. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను చెక్క పెట్టెల్లో ఉంచి చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ చేయబుద్ధవుతుంది, చేదు ఫలితం ఇచ్చింది క్రమంగా ఆగిపోతుంది. జంతు శిక్షణ అంతా ఈ పునాది మీదే నడుస్తోంది.

మొదటి రెండు రోజులు మెట్లను ఊరికే గదిలో ఉంచండి. దగ్గరికి వచ్చి వాసన చూస్తే ఉడికించిన కోడిమాంసం ముక్కో, పనీర్ ముక్కో, గోరంత, ఇవ్వండి. తర్వాత మొదటి మెట్టు మీద కాలు పెడితే బహుమతి, రెండు కాళ్లు పెడితే ఇంకొకటి. ఒక్కో మెట్టు మీద ఒక ముక్క పెట్టి దానంతట అది ఎక్కనివ్వండి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు మించవద్దు.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. దిగేటప్పుడు బరువంతా ముందుకు తూగి ముందు కాళ్ల మీద పడుతుంది, కింది మెట్టు కనబడదు కూడా. అందుకే ముందుగా అట్టడుగు మెట్టు మీద నిలబెట్టి నేలకు దిగడం నేర్పండి, ఆ తర్వాత రెండో మెట్టు, ఆపైన మూడో మెట్టు. మెడపట్టీ పట్టి లాగవద్దు. సాయం కావాలంటే ఛాతీ పట్టీ పట్టుకోండి, లేదా పొట్ట కింద తువ్వాలు వేసి ఆనించండి. ఎత్తి పై మెట్టు మీద కూర్చోబెట్టి "దిగు" అనడం నేర్పడం కాదు, భయపెట్టడం.

బహుమతులు రోజు తిండిలోంచే తీసివ్వండి. మన సూత్రంలో బలం బరువుతో పాటే పెరుగుతుంది. కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో 2.25 కిలోలు, ప్రతి దూకులో 6 కిలోలు తగ్గినట్టు. 48 లాబ్రడార్ల మీద అమెరికాలో జీవితకాలం పాటు జరిపిన పరిశోధనలో, పావు వంతు తక్కువ తిండి పెట్టిన కుక్కల్లో కీళ్ల అరుగుదల ఆలస్యంగా వచ్చింది, అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. ఏ మందు కన్నా ఇది చవక.

మీరే కొలిచి చూడండి

ఇంట్లో పిల్లలుంటే ఈ చిన్న ప్రయోగం చేయించండి. మొదట టేపుతో మంచం, సోఫా ఎత్తు కొలవండి. మీ కుక్క లేదా పిల్లి ఆరోగ్యంగా ఉండి, తనంతట తాను దూకే అలవాటు ఉంటే, పక్క నుంచి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి. వెనక గోడకు స్కేలు గీసిన కాగితం అంటిస్తే, పాదం నేలను తాకినప్పటి నుంచి ఛాతీ అన్నిటికన్నా కిందికి వచ్చే దాకా ఎన్ని సెంటీమీటర్లో చదవవచ్చు. అదే ఆగే దూరం. పై సూత్రంలో వేసి మీ జంతువు లెక్క మీరే కట్టండి. ముసలిదాన్ని, నొప్పి ఉన్నదాన్ని వీడియో కోసం దూకించవద్దు. దానికి బదులు పచ్చి గుడ్డును ఒకే ఎత్తు నుంచి ఒకసారి బకెట్లో నింపిన బియ్యం మీద, ఒకసారి పళ్లెంలో వేయండి. ఆగే దూరం అంటే ఏమిటో పిల్లలకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

బుజ్జి ఇప్పుడు

ప్లైవుడ్ మెట్లు వచ్చిన పదకొండో రోజు రాత్రి అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడలేదు, ఫోను కింద పెట్టి, గోనెపట్టా మీద గోళ్లు గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. నాలుగు చప్పుళ్లు, ఆ తర్వాత పరుపు మీద కుదురుకున్న నిట్టూర్పు.

అది పూర్తిగా మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ కాలింగ్ బెల్ మోగితే మెట్లు గుర్తుండవు, ఒక్క దూకు దూకేస్తుంది. అందుకే మంచం పక్కన పాత పరుపు ముక్క కూడా ఉంది. కీళ్లు మళ్లీ కొత్తవి కావు. కానీ రోజుకు ఆరేడు సార్లు పడే 36 కిలోల దెబ్బ ఇప్పుడు వారానికి ఒకటో రెండో అయింది.

ఆ మూడు వారాలు గుమ్మం దగ్గర పడుకున్నప్పుడు అది అలగలేదు. తన ఒంట్లో జరుగుతున్న లెక్కను మనకన్నా ముందే వేసుకుంది. మీ ఇంట్లోని ముసలి ప్రాణం కూడా ఏదైనా అలవాటు మానేసి ఉంటే, ఇవాళే ఒకసారి టేపు తీసి, అది ఆగిపోయిన చోటి ఎత్తు కొలిచి చూడండి.